ఏ పుష్కరాలు, ఎవరి తీరిక: సిరోంచ తాలూకాలో ఒక గ్రామసభ కేసు

ఈ కేసులో పెద్ద తప్పు నాదే కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. ఒక అవ్వ "ఏడు పుష్కరాల కింద" అంటే నేను కాగితం మీద 1932 అని రాశాను. ఆమె చెప్పింది 1927 సంగతి. ఆ ఐదేళ్ల తేడాకు ఇరవై మూడు కుటుంబాల అటవీ హక్కుల ఫైలు ఏడాది వెనక్కి పోయింది. అంతకు ముందు ఇంకో ఏడాది, కోరం లేక, అంటే సభ చెల్లడానికి సరిపడా మంది రాక, అసలు గ్రామసభే జరగలేదు. అప్పట్లో ఈ రెండూ వేర్వేరు సమస్యలనుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తోంది. అటవీ హక్కుల పని చేసేవాళ్లకు అక్కరకొస్తుందని మొత్తం రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ఇళ్ల లెక్క, తలల లెక్క గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చాను. చట్టం సంగతులు, సంవత్సరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే, అవతలి ఒడ్డున కాళేశ్వరం. బడి మరాఠీలో, కచేరీ మరాఠీలో. పెళ్లి, తగువు, పంట, బతుకమ్మ అన్నీ తెలుగులో. జిల్లా కేంద్రానికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఈ నేల 1860లో నిజాం చేతిలోంచి బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది. కొన్నాళ్లు సిరోంచే ఒక జిల్లాకు ముఖ్యపట్నం. తర్వాత చాందా జిల్లాలో కలిసింది. 1956లో బొంబాయి రాష్ట్రానికి, 1960 మే 1న మహారాష్ట్రకు వచ్చింది, 1982లో గడ్చిరోలి జిల్లాలో పడింది. మనుషులు కదలకుండానే ఊరి చిరునామా ఇన్నిసార్లు మారింది. పాత కాగితం కోసం ఏ ఊరి రికార్డు రూముకు పోవాలన్నదే ఒక పెద్ద ప్రశ్న.

ఊళ్లో రెండు వాడల నిండా తెలుగు బీసీ కులాల వాళ్లు. వాగు అవతల ఒక మాడియా టోలా, అంటే మాడియా గిరిజనుల చిన్న పల్లె. ఓటు వయసు దాటినవాళ్లు 418 మంది. అందరి బతుకూ అడవి మీదే: మార్చిలో ఇప్పపువ్వు, మే నెలలో తునికాకు, వానాకాలం వరి, పత్తి, ఆపైన గోదావరి అవతల మిర్చి ఏరే కూలి.

2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు ఒక లెక్క, మిగతా అటవీ నివాసులకు ఇంకో లెక్క పెట్టింది. గిరిజనులైతే 2005 డిసెంబర్ 13 నాటికి భూమి వాళ్ల సాగులో ఉంటే చాలు. మిగతావాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలుగా అడవిలో ఉంటూ అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. తరమంటే 25 ఏళ్లని చట్టమే రాసింది. అంటే 75 ఏళ్లు, అంటే 1930 డిసెంబర్ 13. ఆ భూమి చెక్క మీదే 75 ఏళ్లుగా సాగు చూపాలని కాదు, నివాసం చూపితే చాలని కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ వివరణ కూడా ఇచ్చింది.

ఈ లెక్క అవ్వకు చెప్పినప్పుడు నవ్వింది. "మూడు తరాలకు అంతగనమా? మా అత్తను జూసిన, నా కొడుకును జూసిన, మనుమని బిడ్డను గూడ ఎత్తుకున్న. ఐదు తరాలు నేనొక్కదాన్నే జూస్తి." పన్నెండేళ్లకే కాపురానికి పంపిన కాలంలో 25 ఏళ్లకు ఒక తరం అంటే నవ్వు రాక ఏం చేస్తుంది?

వచ్చిన చిక్కు

నా దగ్గరికి కేసు వచ్చినప్పుడు తాలూకాలో అందరి నోటా ఒకటే మాట: "ఆ ఊరోళ్లకు ఇంట్రెస్టు లేదు." సభ పెడితే రారు, ఫారం ఇస్తే నింపరు. నేనూ అదే నమ్మి వెళ్లాను. నా పని 'చైతన్యం' తేవడం అనుకున్నాను.

అటవీ హక్కుల క్లెయిములు తీర్మానించే గ్రామసభకు కోరం గట్టిది. ఊళ్లో పెద్దవాళ్లలో సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. క్లెయిము పెట్టుకున్నవాళ్లలో సగం మందైనా ఉండాలి. 2012కు ముందైతే సగం కాదు, మూడింట రెండు వంతులు. మా లెక్కకు 209 మంది కావాలి.

మహారాష్ట్రలో గ్రామసభలు ఆనవాయితీగా నాలుగు తేదీల్లో జరుగుతాయి: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2. జెండా ఎగరేస్తారు, ఆ చేతనే సభ. కచేరీ వైపు నుంచి చూస్తే ఎంత సుళువు! తేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, సిబ్బంది ఎలాగూ ఊళ్లోనే ఉంటారు. ఆ నాలుగు తేదీల్లో ఊరు ఎక్కడుంటుందని మొదటి ఏడాది నేను అడగనే లేదు.

చేసినవి, చెడినవి

మొదటి సభ 2017 మే 1. నోటీసు మరాఠీలో, టైము పొద్దున పదకొండు గంటలు. ముందు రోజు మాపున డప్పు సాటింపు చేయించాం. వచ్చింది అరవై మంది, అందులో ఆడవాళ్లు తొమ్మిది మంది. బడి వరండాలో కుర్చీల కంటే గోడ మీది బల్లులే ఎక్కువున్నట్టు అనిపించింది. పన్నెండున్నరకు గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) రిజిస్టర్‌లో 'తహకూబ్', అంటే వాయిదా, అని రాశాడు.

అక్కడే మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మామూలు పంచాయతీ పనులకైతే తహకూబ్ అయిన సభను మళ్లీ పెట్టినప్పుడు కోరం అడగరు. అదే దారిలో తీర్మానం రాసేద్దామని గ్రామసేవక్ సూచన. చెడ్డ బుద్ధితో అన్నది కాదు, పాపం పని ముందుకు సాగాలని అన్నాడు. ఇంకొకాయనేమో రిజిస్టర్ ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిద్దామన్నాడు. నేను రెండింటికీ ఒప్పుకోలేదు. అటవీ హక్కుల తీర్మానానికి ఆ సడలింపు వర్తించదు. పైకమిటీలో ఎవరైనా కోరం లెక్కపెడితే ఫైలు మొత్తం కూలుతుంది. ఇంటింటి సంతకాలకు నాకున్న అభ్యంతరం ఇంకోటి: రేపు ఇదే సంతకాలతో ఇంకెవరో ఊరి అడవిని గనికి రాసిచ్చే తీర్మానం చేయించుకోవచ్చు. ఆ దారి నేనే చూపినట్టవుతుంది. ఊళ్లో కొందరికి కోపమొచ్చింది. "సంతకాలు గుంజుకపోతే ఒడిసిపోవు గదా సారూ" అన్నారు.

రెండోది ఆగస్టు 15. ఈసారి భోజనం పెట్టించాం. జనం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు అప్పుడు నా దగ్గరున్న జవాబు 'వాళ్లకేం లాభం కనబడటం లేదు' అన్నదే. లాభం చూపిస్తే వస్తారనుకున్నాను. వచ్చారు కూడా. తలలు సగం దాటాయి. కానీ ఆడవాళ్లు మూడో వంతుకు ఎంతో తక్కువ. మగవాళ్లు, పిల్లలు తిని వెళ్లారు. ఆడవాళ్లు నాట్లలో ఉన్నారు. నారు ముదిరిపోతుంటే అన్నం కోసం మడి విడిచి ఎవరొస్తారు? ఆ పప్పు, అన్నం ఖర్చు నా రిపోర్టులో 'సమీకరణ' పద్దు కింద రాశాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

మూడోసారి నాకు తెలివొచ్చిందనుకున్నాను. సర్కారు తేదీలు వద్దు, ఊరి లెక్క ప్రకారమే పోదామని పెద్దమనుషులను అడిగాను. వాళ్లు కార్తీక పున్నమి రాత్రి అన్నారు. వెన్నెలుంటుంది, గుడి దగ్గరికి జనం ఎలాగూ వస్తారు. నాకూ బాగా నచ్చింది. ఫోటోలు కూడా బాగా వస్తాయనుకున్నాను, దాచడం ఎందుకు. ఆ రాత్రి మగవాళ్లు నిండుగా వచ్చారు. ఆడవాళ్లు దీపాలు వెలిగించి, ఇళ్లకు పోయి వంటల్లో పడ్డారు. పొద్దంతా పత్తి ఏరిన చేతులవి. మాడియా టోలా నుంచి ఒక్కరూ రాలేదు. కార్తీక పున్నమి వాళ్ల పండుగ కాదు, పైగా రాత్రి వాగు దాటి రావాలి.

ఈ మూడోదే నాకు ఎక్కువ నేర్పింది. సర్కారు క్యాలెండర్ పక్కనపెట్టి 'ఊరి కాలం' పట్టుకుంటే చాలనే మాట మా రంగంలో బాగా వినిపిస్తుంది. ఊరి కాలం ఎవరిది? నేను అడిగింది రచ్చబండ మీది నలుగురు ముసలివాళ్లను. వాళ్లు చెప్పింది వాళ్ల తీరిక.

ఆపైన జనవరి వచ్చింది. సగం ఊరు మిర్చి ఏరడానికి అవతలికి పోయింది. 2018లో జనవరి 31 నుంచి మేడారం జాతర, ఉన్న సగం అక్కడికి పోయింది. ఫిబ్రవరిలో కచేరీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి: మార్చి 31లోగా పెండింగ్ తేలాలి, లేకపోతే ఊరు 'క్లెయిములు లేవు' అని రాసివ్వాలి. ఆర్థిక సంవత్సరం చివరి రోజు అడవి హక్కుకు గడువెలా అయిందో ఎవరూ చెప్పలేదు. చట్టం నియమాలు మళ్లీ తీసి చదివాను. క్లెయిములు పిలిచిన నాటి నుంచి మూడు నెలలు. అవసరమనుకుంటే కారణాలు రాసి ఆ గడువు పెంచుకునే అధికారం గ్రామసభకే ఉంది. కలెక్టర్‌కు కాదు, తహసీల్దార్‌కు కాదు, ఊరికే. ఎన్నిసార్లు చదివిన నియమమో అది! ఎప్పుడూ 'మూడు నెలలు' అన్న ముక్క దగ్గరే నా కన్ను ఆగింది.

ఆ మాట మొదట అవ్వకే చెప్పాను. "అయితే మేం ఎప్పుడంటె అప్పుడేనా?" అంది. అవునన్నాను. "మరి గిన్నొద్దులు పదకొండు గంటలు, పదకొండు గంటలని ఎందుకు సంపుతిరి?"

చింతగింజలు

తర్వాత చేసిన పని చాలా చిన్నది. ఆడవాళ్లను పది పన్నెండు మందిగా వాకిట్లో కూర్చోబెట్టి, నేల మీద ముగ్గుతో గుండ్రంగా గీసి, రోజుకు ఇరవై నాలుగు చింతగింజలిచ్చాం. నీళ్లకు ఎన్ని, వంటకు ఎన్ని, ఆకుకు ఎన్ని, నిద్రకు ఎన్ని, పెట్టమన్నాం. మే నెల రోజు పెట్టిన ఒక చెల్లె గింజలు నాకు ఇంకా కళ్లముందున్నాయి. ఏగిలివారంగ, అంటే తూర్పు తెల్లబడకముందే అడవికి. పొద్దు మీదికొచ్చాక ఇంటికి. అప్పటి నుంచి ఆకు పేర్చి నారతో కట్టలు కట్టడం. ఎండ దిగాక కల్లానికి మోసుకుపోయి అప్పజెప్పడం. మళ్లీ పొయ్యి. నిద్రకు ఐదు గింజలు మిగిలాయి. చేతిలో ఇంకో గింజ ఉంది. 'ఖాళీ' అని గీసిన చోట పెట్టింది, ఒక క్షణం చూసి, మళ్లీ తీసి పొయ్యి దగ్గర పెట్టింది: "గిది గూడ కట్టెలకే పాయె."

మేం పిలిచిన పదకొండు గంటలు ఆ ముగ్గులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. కట్టలు కట్టే గింజల నడుమ ఉంది. ఆకు వాడిపోతే కల్లంలో తీసుకోరు, ఆ రోజు కూలి పోయినట్టే. 'ఇంట్రెస్టు లేని' ఊరు అక్కడే ఉంది, చేతుల నిండా ఆకుతో.

అదే ముగ్గు పన్నెండు నెలలకూ వేయించాం. ఇక్కడ నేను కార్తెల వెంట పోయాను. వాళ్లు నెలలు చెప్పలేదు, కార్తెలు చెప్పారు. రోహిణి, మిరుగం, ఆరుద్ర, పెద్ద పుష్యాల. ఆకు కల్లం మూతపడ్డాక, మిరుగం చినుకు పడేలోపు, రోహిణిలో పది పన్నెండు రోజులు అన్ని వాడలవాళ్లూ, మాడియా టోలావాళ్లూ ఊళ్లోనే ఉంటారు. ఇల్లు కప్పుకోవడం, ఎరువు తోలడం, విత్తనం చూసుకోవడం తప్ప పరుగులు పెట్టే పని లేదు. చేతిలో ఆకు పైసలు కూడా ఉంటాయి.

ఇంకో సంగతి నాకు అప్పుడే తట్టింది. తిథులు ఏటా జరుగుతుంటాయి, పున్నమి ఈ ఏడు ఒక తేదీన, మరుసటేడు ఇంకో తేదీన వస్తుంది. కార్తె సూర్యుడి లెక్క. రోహిణి దాదాపు మే 25న, మృగశిర దాదాపు జూన్ 8న, ఏటా అంతే. కాబట్టి కార్తెను కచేరీ కాగితంలోకి తేదీగా ముందే ఎక్కించవచ్చు. గ్రామసేవక్ దగ్గరికి వెళ్లి 'రోహిణి' అనగానే ఆయన, "అంటే మృగ్ నక్షత్రానికి ముందు" అన్నాడు. ఆయన తండ్రి విదర్భ రైతు. మరాఠీలో అదే మృగం, తెలుగులో అదే మిరుగం. ఇద్దరికీ తెలిసిన కాలమే, రిజిస్టర్‌లో దానికి గడి లేదంతే.

ఆయన అభ్యంతరం ఒకటే: "రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు మీవాళ్లు. ఆ ఎండలో ఎవరొస్తారు?" నిజమే. అందుకే సభ పొద్దున ఆరున్నరకు. మరి మొదటి బస్సు వచ్చేది తొమ్మిదిన్నరకు. అంటే ఆయన ముందు రాత్రి ఊళ్లో పడుకోవాలి. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. జనం కాలానికి కచేరీ సర్దుకోవాలని చెప్పడం తేలిక. సర్దుకోవడమంటే ఒక గుమాస్తా తన ఇల్లు, పిల్లలు విడిచి బడి వరండాలో దోమల్లో పడుకోవడం. దానికి భత్యం రాసుకునే పద్దు ఏ ఫారంలోనూ లేదు. ఆయన పడుకున్నాడు. ఆ ఏడాది ఫైలు కదిలిందంటే అందులో ఆయన నిద్ర కూడా ఉంది.

పెద్ద సభకు ముందు ఐదు రోజులు వాడకొక చిన్న కూర్చోలు పెట్టాం. క్లెయిములు ఒక్కొక్కటీ అక్కడే చదివి, తగువులు అక్కడే తేల్చుకున్నారు. ఇదే జిల్లా ధానోరా తాలూకాలోని మెండా లేఖ 2009లో సామూహిక అటవీ హక్కు సాధించింది. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడతారు. ఆ పద్ధతి మొత్తం మేం తేలేకపోయాం. కానీ పెద్ద సభలో అందరికీ తెలిసిన మాటనే చదివితే మూడు గంటల్లో అయిపోతుందన్నది అక్కడి నుంచి నేర్చుకున్నదే.

2018 రోహిణిలో సభకు 236 మంది వచ్చారు, ఆడవాళ్లు 121 మంది. ఆరున్నరకు కాదు, ఏడుంబావుకు మొదలైంది. గంట చూసి మొదలుపెట్టొద్దని ముందే అనుకున్నాం. వచ్చినవాళ్లను రిజిస్టర్‌లో ఎక్కిస్తూ, ఆడవాళ్ల లెక్క సరిపోయాకే అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు.

1932

తీర్మానం పోయింది. ఆరుద్ర, పునర్వసు వానల్లో వాగు పొంగి రోడ్డు తెగింది. ఆ నడుమ ఉపవిభాగ కమిటీ నుంచి ఫైలు తిరిగొచ్చింది. గిరిజనులవి సరే. మిగతా ఇరవై మూడు కుటుంబాలకు ప్రధాన సాక్ష్యం పెద్దల వాంగ్మూలం, అందులో కుంట కట్ట పోసింది 1932 అని ఉంది. 1930 డిసెంబర్‌కు అది ఏడాదిన్నర తర్వాత. నివాసం రుజువు కాలేదు. వాళ్లు రాసింది కాగితం ప్రకారం సరైనదే.

కొండంత పని చేశామనుకుంటే, రెండు చిన్న అంకెల దగ్గర బొక్కబోర్లా పడ్డాం. అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె చెప్పిన మాట మళ్లీ చెప్పమన్నాను. అత్త కాపురానికొచ్చిన ఏడే కుంట కట్ట పోసిన్రు, పుష్కరాల ఏడు, ఏడు పుష్కరాల కింద. అదే మాట. నేను 2015 గోదావరి పుష్కరాల నుంచి వెనక్కి లెక్కపెట్టాను: 2003, 1991, 1979, అలా ఏడోది 1932. నా లెక్క తప్పలేదు కదా అనిపించింది.

అప్పుడు బడి వరండా స్తంభాలకు ఒక నులక తాడు కట్టి, పుష్కరానికొక ముడి వేసి, ఒక్కో ముడికీ ఆ ఏడు జరిగినవి చీటీ రాసి వేలాడదీశాం. ఎనభయ్యారు వరద ఎక్కడ, బడి కట్టింది ఎక్కడ, అవ్వ పెళ్లి ఎక్కడ. అవ్వ కర్ర పట్టుకుని తాడు పొడవునా నడిచింది. తన పెళ్లి చీటీ దగ్గర ఆగింది.

"ఇది ఎవరి పుష్కరాలు?"

"గోదావరివి అవ్వా."

"గోదారివి ఎందుకు జేస్తిరి బిడ్డా? మాది ప్రాణహిత ఒడ్డు గదా."

ఒళ్లు ఝల్లుమంది. రెండు నదులు కలిసే చోట రెండు పుష్కరాలు. గురువు మీనంలోకొస్తే ప్రాణహితకు, సింహంలోకొస్తే గోదావరికి. మీనం నుంచి సింహానికి ఐదేళ్లు, సింహం నుంచి మళ్లీ మీనానికి ఏడేళ్లు. 2015 పుష్కరాల హడావుడి చెవుల్లో ఉండి నాకు రెండోది తోచనే లేదు. ప్రాణహిత పుష్కరాలు అప్పటికి చివరిసారి వచ్చింది 2010లో. అక్కడి నుంచి ఏడు వెనక్కి పోతే 1927.

పన్నెండుతో హెచ్చవేస్తే 1926 వస్తుంది. గురువు చుట్టు తిరగడానికి పట్టేది సరిగ్గా పన్నెండేళ్లు కాదు, దాదాపు 11.86 ఏళ్లు. ఏడు చుట్లకు ఒక ఏడాది తగ్గుతుంది. ఒక సిద్ధాంతి గారిని అడిగి సరిచూసుకున్నాం. తాడు విప్పి రెండో రకం ముడులు వేశాం. ఇప్పుడు ముడుల మధ్య ఎడం ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. అభ్యంతరం వచ్చాక 1932ను 1927 అని దిద్దితే చూసేవాళ్లు ఏమనుకుంటారు? నేనే ఆ కమిటీలో ఉంటే 'గడువు చూసి సంవత్సరం మార్చారు' అంటాను. అందుకే పాత వాంగ్మూలం దిద్దలేదు. అది అలాగే ఫైల్లో ఉంచి, పొరపాటు ఎలా జరిగిందో నా సంతకంతో ఒక పేజీ పెట్టాం. ముగ్గురు పెద్దలను విడివిడిగా కూర్చోబెట్టి కొత్తగా రాసుకున్నాం. ఏ సంవత్సరమూ మేం పలకలేదు, వాళ్ల మాట వాళ్ల మాటల్లోనే రాశాం: ఎవరి పుష్కరాలు, ఎన్నోవి, అప్పుడు ఏం జరిగింది. అంకెల్లోకి మార్చిన లెక్క వేరే కాగితం మీద పెట్టాం, ఎవరైనా తప్పు పట్టగలిగేలా.

అలా రాసుకుంటుంటే వేరే ఊరికి ఇచ్చిన ఒక ఆడపడుచు నోట ఒక మాట దొర్లింది. ఆ పుష్కరాలకు చుట్టాలు అవతలి ఒడ్డు నుంచి ఇసుక మీద నడిచి వచ్చారని, కాళ్లు కాలుతుంటే మోదుగాకులు కట్టుకున్నారని వాళ్లమ్మ చెప్పేదట. పంచాంగం ప్రకారం 1927లో గురువు మీనంలోకి వచ్చింది ఎండాకాలంలో. 1932లో సింహంలోకి వచ్చింది వానలు మొదలయ్యాక, అప్పుడు ఇసుక ఎక్కడిది? పైగా కుంట కట్ట ఎండాకాలం పనే. ఆ ఇసుక మాటను మేం అడిగి చెప్పించలేదు. నాకు ఫైలు మొత్తంలో అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కనబడింది అదే.

నియమాల ప్రకారం కనీసం రెండు రకాల సాక్ష్యాలుండాలి. పెద్దల వాంగ్మూలం ఒకటి. రెండోదిగా కుంట కట్టను కొలిచి, వంశవృక్షాలతో కలిపి పెట్టాం. మళ్లీ గ్రామసభ కావాలి. 2019 వేసవంతా లోక్‌సభ ఎన్నికల కోడ్. మే నెలాఖరున ఎత్తేశారు. రోహిణి అప్పుడే వచ్చింది.

అయినవి, కానివి

ఇరవై మూడింటిలో పదిహేను మంజూరయ్యాయి. ఐదు కొలతల తగువులో ఉన్నాయి. మూడు పోయాయి. ఆ మూడూ 2005 తర్వాత కొట్టుకున్న పోడు, పోవాల్సినవే. ఆ మాట ఊళ్లో అన్నందుకు ఒక ఇంట్లో నాకు ఇప్పటికీ నీళ్లివ్వరు.

ఇప్పుడు నేను ఏ ఊరికి పోయినా మొదట చింతగింజల పని చేస్తాను, సాటింపు తర్వాత. వయసు, సంవత్సరం అడగాల్సి వస్తే పెద్దవాళ్ల మాట ఒక కాగితం మీద, నా లెక్క ఇంకో కాగితం మీద. ప్రభవాది సంవత్సరాల పేర్లు చెప్పేవాళ్లుంటారు, వాటితో ఇంకా జాగ్రత్త: 1930లో మొదలైంది ప్రమోదూత, 1990లో మొదలైందీ ప్రమోదూతే. అరవై ఏళ్లకొకసారి తిరిగొచ్చే పేరు ఒంటరిగా ఏదీ రుజువు చేయదు. పక్కన ఒక వరదో, పెళ్లో, ఇసుక మీది నడకో ఉండాలి.

మొన్న మాడియా టోలాకు పోతే ఒక ముసలాయన తాడు సంగతి ఎత్తాడు. మీ తాడు మీద మేం లేం గదా అన్నాడు. నిజమే. వాళ్లకు 75 ఏళ్ల రుజువు అక్కర్లేదు కాబట్టి మేం ఎప్పుడూ అడగలేదు. వాళ్లు పుష్కరాలతో లెక్కపెట్టరు. పోడు ఏ గుట్ట మీద కొట్టిన ఏడు, దేవుణ్ణి ఏ ఊరికి తీసుకుపోయిన ఏడు, అలా చెప్తారట. వచ్చి రాసుకుంటానన్నాను. ఎప్పుడొస్తావన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి తేదీలు చూస్తుంటే, "ఇప్పపూలు రాలినంక రా" అన్నాడు.